అంధుల శ్రవణజ్ఞానము

కన్ను తీసిన దైవము చెవికి బలమిచ్చునని లోకులందురు. అది వరము గాదు, అభ్యాసమని నా మనవి. గోడను సమీపించినపుడు తమ మొగమునకేదో తోఁచునని యంధులు చెప్పుచుండిరి. అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయమువారు 1944లో వెల్లడించిన పరీక్షలలో, చెవులు మూయఁగానే యా యెఱుక పోయినది! అడుగుల చప్పుడు గోడకుఁ దగిలి మరలివచ్చుటచేఁ గలుగు జ్ఞానమది. కనులకు గంతలు కట్టుకొన్న చూపుగలవారును దానిని నేర్చిరి.

అయినను లోపమొకటి కలదు. వరుసగా మూఁడుచోట్ల మ్రోఁగిన ధ్వనులలో నడిమిది మొదటిదానికి దగ్గఱయో, కడపటిదానికి దగ్గఱయో చెప్పుటలో పుట్టంధులు తడఁబడుదురని యిటీవలి పరీక్షలు తెలుపుచున్నవి. ధ్వనుల నడిమి యెడమును చెవికి నేర్పు గురువు కన్నే. ఆ గురువు లేని బాలునికి నడకయుఁ జేతికఱ్ఱయు గురువులు కావలెను. కావున వానిని మూలఁ గూర్చుండఁబెట్టకుఁడు. చెవిలో చీము కాఱినచో వెంటనే వైద్యునికిఁ జూపుఁడు. వానికున్న దిక్కు ఆ చెవియే.