తప్పు డ్రైవర్‌దా, బండిదా? ప్రమాదం తర్వాత ఎవరూ అడగని ప్రశ్నలు

2024 ఏప్రిల్ 9 రాత్రి భిలాయ్ సమీపంలోని కుమ్హారీ దగ్గర, డిస్టిలరీ ఉద్యోగులతో వెళ్తున్న బస్సు మొరం తవ్విన గోతిలో పడింది. కనీసం 12 మంది చనిపోయారు. మెజిస్టీరియల్ విచారణకు ఆదేశాలు వచ్చాయి.

ఇలాంటి ప్రమాదం జరిగిన ప్రతిసారీ ముందుగా వినిపించే ప్రశ్న ఒకటే: డ్రైవర్ ఏం చేశాడు? అది అడగాల్సిందే. బండి కండిషన్ ఎలా ఉంది, రోడ్డు పక్కన రక్షణ గోడ ఉందా అనేవి కూడా అంతే ముఖ్యం. కానీ చాలా కేసుల్లో దర్యాప్తు మొదటి ప్రశ్న దగ్గరే ఆగిపోతుంది.

లెక్కలు ఏం చెబుతున్నాయి?

కేంద్ర రోడ్డు రవాణా శాఖ నివేదిక ప్రకారం 2022లో దేశంలో 4,61,312 ప్రమాదాలు జరిగాయి. 1,68,491 మంది చనిపోయారు. మరణాల్లో 71 శాతానికి అతివేగమే కారణమని ఆ నివేదిక చెబుతోంది.

ఈ లెక్కలకు మూలం పోలీసు రికార్డులు. వేగం, మద్యం, రాంగ్ రూట్ లాంటివి సంఘటన స్థలంలోనే కొంతవరకు అంచనాకు అందుతాయి. బ్రేక్ పైపులో లీకు, స్టీరింగ్‌లో లోపం, ఎయిర్‌బ్యాగ్ సెన్సర్ పనిచేయకపోవడం అలా కంటికి కనిపించవు. వాటి కోసం వెతికితేనే దొరుకుతాయి.

అమెరికా రోడ్డు భద్రతా సంస్థ 2015లో ప్రచురించిన అధ్యయనంలో 94 శాతం ప్రమాదాల్లో 'కీలక కారణం' డ్రైవర్ అని, సుమారు 2 శాతంలో వాహనం అని తేలింది. ఇక్కడ కీలక కారణమంటే ప్రమాదానికి దారితీసిన వరుస సంఘటనల్లో చివరిది. దాన్ని డ్రైవర్‌పై తప్పు మోపడంగా చూడకూడదని ఆ నివేదికే హెచ్చరించింది. ప్రమాదం ఎందుకు జరిగిందన్నది ఒక ప్రశ్న. అందులో మనిషి ఎందుకు చనిపోయాడన్నది మరో ప్రశ్న. డ్రైవర్ పొరపాటు చేసినా సీటు బెల్టు, ఎయిర్‌బ్యాగ్, బాడీ గట్టిదనం ప్రాణం కాపాడాలి. అవి విఫలమైతే ఆ బాధ్యత డ్రైవర్‌ది కాదు.

పదేళ్ల తర్వాత తేలిన నిజం

టెక్సస్‌లో 2004లో ఒక యువతి నడుపుతున్న కారు అదుపు తప్పి చెట్టును ఢీకొట్టింది. పక్క సీటులోని వ్యక్తి చనిపోయారు. ఎయిర్‌బ్యాగ్‌లు తెరుచుకోలేదు. ఆమె 2007లో కోర్టులో నేరం ఒప్పుకున్నారు.

2014లో జనరల్ మోటార్స్ సుమారు 26 లక్షల కార్లను రీకాల్ చేసింది. ఇగ్నిషన్ స్విచ్‌లో లోపం వల్ల, కారు నడుస్తుండగానే తాళం చెవి పక్కకు జారి ఇంజిన్ ఆగిపోయేది. పవర్ స్టీరింగ్ పోయేది, ఎయిర్‌బ్యాగ్‌లూ పనిచేసేవి కావు. కంపెనీలో కొందరికి ఈ లోపం పదేళ్లకు పైగా తెలుసు. పరిహార నిధి 124 మరణాలకు ఈ లోపంతో సంబంధం ఉందని అంగీకరించింది. 2014లోనే కోర్టు ఆ యువతిపై శిక్షను కొట్టేసింది.

మన చట్టం ఎక్కడుంది?

2019లో మోటారు వాహనాల చట్టానికి చేసిన సవరణతో సెక్షన్ 110ఎ వచ్చింది. లోపమున్న వాహనాలను వెనక్కి పిలవాలని కేంద్రం తయారీదారును ఆదేశించవచ్చు. బండి బాగుచేయడం, మార్చి ఇవ్వడం, డబ్బు తిరిగివ్వడం కంపెనీ బాధ్యత. నిబంధనలు 2021 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్నాయి. ఏడేళ్ల లోపు వాహనాలకే ఇవి వర్తిస్తాయి. అమ్మిన బండ్లతో పోలిస్తే ఎన్ని ఫిర్యాదులు వచ్చాయన్నది ఇందులో కీలకం. యజమానులు ఫిర్యాదు చేయకపోతే ఈ సెక్షన్ కాగితానికే పరిమితం.

వినియోగదారుల చట్టం మరో దారి. ఢిల్లీ-పానిపట్ హైవేపై 2017లో ఒక హ్యుందాయ్ క్రెటా ప్రమాదానికి గురైతే ముందు ఎయిర్‌బ్యాగ్‌లు తెరుచుకోలేదు. ఎయిర్‌బ్యాగ్ తెరుచుకునేంత బలంగా ఢీకొనలేదని కంపెనీ వాదించింది. వేగం, బలం లెక్కలు కట్టడానికి వినియోగదారుడు భౌతికశాస్త్ర నిపుణుడు కాదని 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. రూ.3 లక్షల పరిహారం, కొత్త కారు ఇవ్వాలన్న తీర్పును సమర్థించింది.

యజమానులు చేయగలిగేది

భిలాయ్ నుంచి విశాఖ, శ్రీకాకుళం వైపు సొంత కారులో వెళ్లే తెలుగు కుటుంబాలకు ఇది దూరపు విషయం కాదు. ఛాసిస్ నంబరుతో కంపెనీ వెబ్‌సైట్‌లో రీకాల్ ఉందేమో చూసుకోవచ్చు. టైరు మీది నాలుగు అంకెలు అది ఏ వారం, ఏ ఏడాది తయారైందో చెబుతాయి. వెనక సీటులోనూ బెల్టు పెట్టుకోవాలి. ముందు బిగించే బుల్ గార్డులను కేంద్రం 2017లోనే నిషేధించింది. అవి ఎయిర్‌బ్యాగ్ సెన్సర్ల పనికి అడ్డు రావచ్చు.

ప్రమాదం జరిగితే బ్రేక్ ఇన్‌స్పెక్టర్ తనిఖీ పూర్తయ్యేదాకా బండిని రిపేరుకు గానీ తుక్కుకు గానీ ఇవ్వకూడదు. లోపం అనుమానం ఉంటే ఆ మాట రాతపూర్వకంగా ఇవ్వాలి. చాలా కార్లలో ఎయిర్‌బ్యాగ్ కంట్రోల్ యూనిట్‌లో ఢీకొనే ముందు క్షణాల వేగం, బ్రేకు వివరాలు నమోదవుతాయి. బండి తుక్కయితే సాక్ష్యమూ పోతుంది.

2018 అక్టోబర్ 9న భిలాయ్ స్టీల్ ప్లాంట్ కోక్ ఓవెన్ గ్యాస్ పైప్‌లైన్ పేలుడులో కార్మికులు చనిపోయారు. అప్పుడు ప్లాంట్ సీఈఓను తప్పించారు, ఇద్దరు అధికారులను సస్పెండ్ చేశారు. ఫ్యాక్టరీలో ప్రమాదం జరిగితే యంత్రాన్నీ, యాజమాన్యాన్నీ ప్రశ్నించడం అక్కడివారికి తెలిసిందే. అదే ఊరి గేటు దాటి హైవే ఎక్కాక ప్రశ్నలన్నీ స్టీరింగ్ పట్టుకున్న ఒక్కడి చుట్టూనే తిరుగుతున్నాయి. తప్పు చేసిన డ్రైవర్‌ను వదిలేయాలని ఎవరూ అనరు. కానీ బండిని పరీక్షించకుండా అతన్ని దోషిగా తేల్చితే, అదే లోపమున్న మిగతా బండ్లు రోడ్డు మీదే తిరుగుతుంటాయి.