ఇంధన పీడన నియంత్రకము: గుర్తించుట, మార్చుట

లక్సెట్టిపేట నుండి ధర్మపురి వైపు పోవు రహదారిపై రాయపట్నం వద్ద గోదావరి వంతెన కలదు. గడచిన వేసవిలో ఒక వృద్ధురాలిని జగిత్యాల ఆసుపత్రికి తీసుకొనిపోవుచుండగా, ఆ వంతెన దాటిన కొలది దూరమునకే మేమెక్కిన పాత పెట్రోలు కారు ఆగిపోయినది. తాళము ఎంత త్రిప్పినను ఇంజను స్టార్టు కాలేదు. అరగంట గడచి వేడి తగ్గిన పిదప, నల్లని పొగ విడిచి కదలినది. ఆ కారే దాని యజమానికి జీవనాధారము. అంతకుముందే ఒక షెడ్డులో ఆయనచేత స్పార్కు ప్లగ్గులు మార్పించినారు. పిమ్మట పెట్రోలు పంపును మార్పించినారు. డబ్బు పోయినది గాని జబ్బు పోలేదు. చివరకు వయసు మళ్లిన ఒక ఉస్తాదు బానెట్టు తెరచి, సన్నని రబ్బరు గొట్టమొకటి ఊడదీసి చూపినాడు. గాలి మాత్రమే ఉండవలసిన ఆ గొట్టములో పెట్రోలు బొట్లున్నవి. "పంపుది తప్పు కాదు, రెగ్యులేటరు పోయింది" అన్నాడు.

ఒక్క నిమిషములో తేలిన ఈ సంగతి, రెండు పర్యాయములు ఖర్చు పెట్టినను ఏల తేలలేదు? పరీక్షింపక ముందే భాగములు మార్చుటయే కారణము. ఆ రెగ్యులేటరు, అనగా ఇంధన పీడన నియంత్రకము, ఏమి చేయునో తెలిసినచో దాని పరీక్ష కూడ సులభముగా బోధపడును.

పాత అంబాసిడరు కార్లలోను, 1983లో వెలువడిన మారుతి 800 తొలి నమూనాలలోను కార్బురేటరు ఉండెడిది. అందలి చిన్న గిన్నెలో తేలు బుడ్డి, సూది కవాటము పెట్రోలు మట్టమును కాపాడెడివి. అధిక పీడనముతో అక్కడ పని లేదు. 2000 ప్రాంతమున పొగ నిబంధనలు కఠినమగుటతో మన కార్లలో కార్బురేటరు స్థానమును ఇంజెక్టర్లు ఆక్రమించినవి. విదేశములలో ఈ మార్పు ముందే మొదలైనది. బాష్ సంస్థవారి ఎలక్ట్రానిక్ ఇంజెక్షన్ పద్ధతి 1967లోనే ఫోక్స్‌వాగన్ 1600 కారులో వచ్చినది. మారుతి 800 ఉత్పత్తి 2014లో ఆగిపోయినను, ఆ కాలపు కార్లు మన రోడ్లపై ఇంకను తిరుగుచునే ఉన్నవి.

ఇంజెక్టరు ఒక విద్యుత్ కవాటము. అది ఎంత సేపు తెరచుకొనవలెనో కంప్యూటరు నిర్ణయించును. కాని అదే సమయములో ఎంత పెట్రోలు బయటికి వచ్చునన్నది, ఇంజెక్టరు వెనుకనున్న పీడనమునకును ముందున్న పీడనమునకును గల తేడాపై ఆధారపడును. వెనుక ఉన్నది పెట్రోలు రైలు; ముందు ఉన్నది ఇంజను గాలి పీల్చు మానిఫోల్డు. ఇంజను మెల్లగా తిరుగునపుడు మానిఫోల్డులో పీడనము బయటి గాలి కంటె సుమారు అర బార్ తక్కువగా ఉండును. యాక్సిలరేటరు పూర్తిగా త్రొక్కినపుడు బయటి గాలితో ఇంచుమించు సమానమగును. రైలులో పీడనము ఎల్లప్పుడు 3 బార్లే ఉన్నచో తేడా ఒకప్పుడు 3, మరియొకప్పుడు 3.5 అగును. ప్రవాహము పీడన భేదపు వర్గమూలమును అనుసరించును గనుక పెట్రోలు నూటికి 8 పాళ్లు హెచ్చును.

ఈ హెచ్చుతగ్గులను సరిచేయునదే రెగ్యులేటరు. అది అగ్గిపెట్టెకంటె పెద్దది కాని లోహపు డబ్బీ. లోపల రబ్బరు పొర, దానినే డయాఫ్రం అందురు. దాని వెనుక ఒక స్ప్రింగు. పొరకు ఒక ప్రక్క పెట్రోలు, రెండవ ప్రక్క మానిఫోల్డు నుండి గొట్టము ద్వారా వచ్చు పీల్పు. పెట్రోలు ఒత్తిడి స్ప్రింగు బలమును మించినపుడు కవాటము తెరచుకొని, ఎక్కువైన పెట్రోలు టాంకునకు తిరిగి పోవును. మానిఫోల్డులో పీల్పు పెరిగినపుడు అది పొరను తన వైపు లాగి కవాటమును త్వరగా తెరచును. అందుచేత రైలు పీడనము కూడ అంతే తగ్గి, తేడా స్థిరముగా నిలుచును.

ఇక దానిని గుర్తించు విధము. బానెట్టు తెరచి ఇంజెక్టర్లు వరుసగా అమరియున్న లోహపు గొట్టమును చూడవలెను; అదే రైలు. దానికి రెండు పెట్రోలు పైపులున్నచో ఒకటి వచ్చునది, రెండవది తిరిగి పోవునది. తిరిగి పోవు పైపు మొదట, సన్నని రబ్బరు గొట్టము తగిలించిన గుండ్రని డబ్బీయే రెగ్యులేటరు. రైలునకు ఒకే పైపు ఉన్నచో, సాధారణముగా రెగ్యులేటరు టాంకులో పంపుతోపాటే ఉండును. అట్టి కార్లకు ఇక్కడ చెప్పు పద్ధతి వర్తింపదు.

చెడుట మూడు విధములు. డయాఫ్రం చిరిగినచో పెట్రోలు సన్నగొట్టము గుండా నేరుగా మానిఫోల్డులోనికి పోవును. నల్లని పొగ, పెట్రోలు వాసన, మైలేజి తగ్గుట, వేడి మీద స్టార్టు కాకుండుట దీని గుర్తులు. కవాటము మూసుకొని బిగిసినచో పీడనము మితిమీరును. స్ప్రింగు బలహీనపడినను, కవాటము తెరచుకొని నిలిచినను పీడనము చాలక బండి ఎత్తు ఎక్కలేదు. ఈ గుర్తులలో కొన్ని పంపు దోషమునకును ఉండును. కావుననే పరీక్ష అవసరము.

మొదటి పరీక్షకు పరికరమక్కరలేదు. సన్నగొట్టము ఊడదీసినపుడు అందు పెట్రోలు తడి కనబడినచో రెగ్యులేటరు మార్చవలసినదే. తడి లేనిచో పీడన మాపకము తగిలింపవలెను. ఇంజను మెల్లగా తిరుగుచుండగా ఆ గొట్టము ఊడదీసినచో పీడనము సుమారు అర బార్ పెరుగవలెను. పెరుగనిచో ముందు గొట్టములో పీల్పు ఉన్నదేమో చూడవలెను. పీల్పు ఉండియు పీడనము కదలనిచో రెగ్యులేటరును శంకింపవచ్చును. పీడనము తక్కువగా ఉన్నచో, తిరిగి పోవు రబ్బరు పైపును క్షణకాలము నొక్కిపట్టవలెను. వెంటనే పీడనము పెరిగినచో పంపు మంచిదే, లోపము రెగ్యులేటరుది. పెరుగనిచో పంపును, ఫిల్టరును చూడవలెను.

మార్చునపుడు పెట్రోలు పీడనముతో చిమ్మునను మాట మరువరాదు. ఇంజను చల్లారిన తరువాత, ఆరుబయట పని చేయవలెను. దగ్గర బీడీ, పొయ్యి ఉండరాదు. ఇసుక బక్కెట్టుగాని పొడి మంటల నివారిణిగాని అందుబాటులో ఉండవలెను. ముందుగా పంపు ఫ్యూజు తీసి ఇంజను నడపగా కొంతసేపటికి తానే ఆగిపోవును. మరల రెండు మూడు సెకనులు త్రిప్పినచో మిగిలిన పీడనము తగ్గును. తరువాత బాటరీ నెగెటివు తీగ తీయవలెను. టాంకు మూత ఒకసారి తెరచి మూయవలెను. జాయింటు చుట్టును గుడ్డ చుట్టి సన్నగొట్టమును, తిరుగు పైపును విడదీసి, బోల్టులు విప్పి రెగ్యులేటరును సూటిగా లాగవలెను. పాత రబ్బరు ఓ-రింగు రంధ్రములో మిగిలినదేమో చూచుట ముఖ్యము. దానిపై క్రొత్తది ఎక్కించినచో పెట్రోలు కారును.

క్రొత్త ఓ-రింగునకు కొంచెము ఇంజను ఆయిలు రాచి, నెమ్మదిగా కూర్చి, బోల్టులు సమముగా బిగింపవలెను. రెగ్యులేటరు ఆ కారునకు నిర్ణయించిన పీడనముదే కావలెను. ఆకారము కలిసినంత మాత్రమున చాలదు. 2025 నాటికి మన పెట్రోలులో ఇథనాలు నూటికి 20 పాళ్లకు చేరినది గనుక, దానికి ఓర్చు రబ్బరునే ఎంచుకొనవలెను. పైపులు, ఫ్యూజు, బాటరీ తగిలించి, ఇంజను స్టార్టు చేయక తాళమును మాత్రము మూడు నాలుగు సార్లు ఆన్ చేసినచో రైలులో పెట్రోలు నిండును. అప్పుడు జాయింటు వద్ద తడి లేదని చూచిన పిమ్మటనే స్టార్టు చేసి పీడనము మరల కొలువవలెను. ఆయిలు పుల్లను వాసన చూడగా పెట్రోలు కంపు కొట్టినచో ఇంజను ఆయిలును కూడ మార్చవలెను. పలుచబడిన ఆయిలు బేరింగులను తినివేయును.

ఆనాడు తీసిన పాత రెగ్యులేటరును ఉస్తాదు నాకే ఇచ్చినాడు. బాగుగ ఆరిన తరువాత చేతి రంపముతో కోసి చూడగా, డయాఫ్రం అంచున గోరంత చీలిక కనబడినది. ఆ చీలికయే ఒక కుటుంబపు సంపాదనను హరించినది, ఒక రోగిని దారిలో నిలిపినది. ఇట్టి పాత భాగములు షెడ్డులలో వృథాగా పడియుండును. వాటిని సేకరించి, కోసి, మన భౌతికశాస్త్ర ప్రయోగశాలలో ఉంచినచో, పీడన భేదమును పుస్తకములో చదువు విద్యార్థి దానిని కన్నులార చూడగలడు. కళాశాల సంఘమువారు ఈ చిన్న మనవిని ఆలోచింతురని ఆశించుచున్నాను.