ఎర్ర లైటు ఫిలింకి పనికిరాదు

సినిమాల్లో చూపించే డార్క్ రూమ్ చాలామందిని తప్పుదారి పట్టించింది. ఎర్ర బల్బు వెలుగుతుంటే హీరో కెమెరాలోంచి రీలు లాగి, ట్రేలో ముంచి, తాడుకి వేలాడదీస్తాడు. అది చూసి, పాత కెమెరా కొనుక్కున్న కుర్రవాళ్లు ఇంట్లో ఎర్ర బల్బు పెట్టుకుని ఫిలిం బయటికి తీస్తున్నారు. రీలంతా నల్లగా వచ్చాక, కెమికల్ పాడైందా అని అడుగుతున్నారు. కెమికల్‌ది తప్పేమీ లేదు. ఎర్ర లైటు ప్రింటు వేసే కాగితానికే క్షేమం.

ఫిలిం మీదా కాగితం మీదా ఉండే సిల్వర్ బ్రోమైడ్ స్వతహాగా నీలం, అతినీలలోహిత కాంతులకే లొంగుతుంది. ఎర్ర కాంతికి దాన్ని కదిలించే శక్తి చాలదు. బ్లాక్ అండ్ వైట్ కాగితం ఈనాటికీ దాదాపు అంతే. కాంట్రాస్టు మార్చుకోగలిగే రకాలకి ఆకుపచ్చ కూడా తెలుస్తుంది, ఎరుపు తెలియదు. ఫిలిం సంగతి వేరు. 1873లో బెర్లిన్‌లో హెర్మన్ వోగెల్ కొన్ని అద్దకపు రంగులు కలిపితే ఫొటో ప్లేటు ఆకుపచ్చని కూడా పట్టగలదని కనిపెట్టాడు. ఆ దారిలోనే తర్వాత ఎరుపును సైతం పట్టే పాంక్రొమాటిక్ ఫిలిం వచ్చింది. ఎర్ర చీర ఫొటోలో నల్లగా పడకూడదంటే ఫిలిం ఎరుపును చూడాలి. చూడగలిగిన ఫిలింకి ఎర్ర బల్బయినా తెల్ల బల్బయినా ఒకటే.

కాబట్టి ఫిలింకి కటిక చీకటే కావాలి. అదీ డెవలపింగ్ ట్యాంకులోకి ఎక్కించేంతసేపే. రాత్రిపూట కిటికీ సందులు మూసిన బాత్‌రూమ్ చాలు. ట్యాంకు మూత పడ్డాక లైట్లన్నీ వేసుకోవచ్చు.

ఆ ట్యాంకులో జరిగేది మన వంటింట్లో రోజూ జరిగే తోడు పెట్టడం లాంటిదే. షట్టర్ తెరుచుకున్నప్పుడు వెలుతురు తగిలిన ఒక్కో సిల్వర్ బ్రోమైడ్ స్ఫటికం మీద నాలుగైదు వెండి పరమాణువుల చుక్క ఏర్పడుతుంది. అదే తోడు. అప్పటికి బొమ్మ ఉంది, కానీ ఏ కంటికీ కనిపించదు. డెవలపర్ తగలగానే తోడు పడిన స్ఫటికం మొత్తం, అంటే కోట్లాది పరమాణువులు, నల్లని వెండిగా మారిపోతుంది. తోడు పడనిది అలాగే ఉంటుంది. వేడి మరీ ఎక్కువైనా, మరీ ఎక్కువసేపు ఉంచినా తోడు లేని పాలూ విరిగినట్టే, వెలుతురు తగలని స్ఫటికాలూ నల్లబడతాయి. దాన్నే ఫాగ్ అంటారు. మిగిలిపోయిన పాలని, అంటే నల్లబడని స్ఫటికాల్ని, కరిగించి తీసేసేది హైపో అనే రసాయనం. అది సిల్వర్ లవణాల్ని కరిగిస్తుందని జాన్ హెర్షెల్ 1819లోనే గమనించాడు. 1839లో ఫొటోగ్రఫీకి అది వరమైంది.

ఇందులో పనిచేసేది వెలుతురే గనక, ఫొటో తీస్తే ఆయుష్షు తగ్గుతుందని ఇప్పటికీ భయపడే పెద్దవాళ్లుంటే ఈ సంగతి చెప్పండి. మన ఒంటి మీద పడి వెనక్కి వచ్చిన వెలుతురు తప్ప ఫిలింలోకి ఇంకేదీ వెళ్లదు. కెమెరా లేకపోయినా ఆ వెలుతురు పోయేదే. ఆ భయంతో ఎందరో పిల్లల ఫొటోలు తీయకుండా వదిలేశారు, ఆ నష్టం తీరేది కాదు.

ఇక పని విషయానికొస్తే, డెవలపర్ వేడి సాధారణంగా 20 డిగ్రీల దగ్గర ఉండాలి. మన ఊళ్లలో మే నెల కుళాయి నీళ్లు 30 దాటిపోతాయి గనక సీసాల్ని ఐసు వేసిన బేసిన్‌లో నిలబెట్టండి. థర్మామీటరు మీద పెట్టే ఖర్చు లెన్సు మీద పెట్టేదానికన్నా ముఖ్యం. వంటపాత్రలు వాడొద్దు. చేతులు ముంచకుండా పట్టుకారు వాడండి, కొన్ని డెవలపర్లలో ఉండే మెటాల్ అనే రసాయనం కొందరి చర్మానికి పడదు. గదిలోకి గాలి రావాలి.

ప్రింటు వేసేటప్పుడు మీ ఎర్ర బల్బుని కూడా గుడ్డిగా నమ్మొద్దు. అంగట్లో దొరికే ఎర్ర బల్బుల్లో కొన్నిటి నుంచి వేరే రంగులూ కారతాయి. చీకట్లో కాగితాన్ని ముందు లేత బూడిద రంగు వచ్చేంత కొద్దిగా వెలుతురుకి చూపించి, దాని మీద రూపాయి బిళ్ల పెట్టి, ఎర్ర బల్బు కింద 5 నిమిషాలు వదిలేయండి. డెవలప్ చేశాక బిళ్ల ఉన్నచోట గుండ్రని మచ్చ కనిపిస్తే బల్బు మార్చాలి, లేదా దూరం జరపాలి.

బొమ్మని పెద్దది చేసి కాగితం మీద వేసే ఎన్‌లార్జర్ లేదని ఆగకండి. కాగితం మీద నెగటివ్ పరిచి, పైన గాజు పలక పెట్టి, మామూలు బల్బు ఒకట్రెండు సెకన్లు వేసి, కాగితాన్ని డెవలప్ చేస్తే కాంటాక్ట్ ప్రింటు వస్తుంది. దాంతోనే మొదలుపెట్టండి.