నాయక రాజుల కొండనగరం క్యాండీ

శ్రీలంక వెళ్లే మనవాళ్లలో చాలామందికి క్యాండీ దారిలో తగిలే ఊరు. పొద్దున్నే కొలంబోలో బయల్దేరి, బుద్ధుడి దంత ఆలయంలో దండం పెట్టుకుని, సరస్సు గట్టున ఫొటోలు దిగి, చీకటి పడేలోగా నువర ఎలియ తేయాకు తోటలకు చేరిపోతారు. అలా ప్లాన్ చేసుకోకండి. ఆ దేశంలో తెలుగువాళ్లు నింపాదిగా చూడాల్సిన ఊరు ఒక్కటే అంటే, నేను క్యాండీ పేరే చెబుతాను. రెండు రాత్రులైనా అక్కడే బస చేయండి.

తీరమంతా ముందు పోర్చుగీసుల, తర్వాత డచ్చివాళ్ల, ఆపైన ఇంగ్లిషువాళ్ల చేతిలోకి పోయినా ఈ కొండల రాజ్యం 1815 దాకా నిలిచింది. దాని చివరి నలుగురు రాజులు సింహళీయులు కారు. క్యాండీ రాజులు మదురై నుంచి రాణులను తెచ్చుకునేవారు. విజయనగర కాలంలో దక్షిణాదికి వెళ్లి స్థిరపడ్డ తెలుగు మూలాల నాయక కుటుంబాల ఆడపడుచులు వాళ్లు. 1739లో రాజు వీర నరేంద్రసింహుడు పోయాక పట్టపురాణి తమ్ముడే శ్రీవిజయ రాజసింహుడిగా గద్దెనెక్కాడు.

పరాయిగడ్డ నుంచి వచ్చిన ఈ వంశం బౌద్ధాన్ని కాపాడిన తీరు నన్ను ఇప్పటికీ కదిలిస్తుంది. భిక్షువులకిచ్చే ఉపసంపద దీక్ష లంకలో అంతరించిపోతే, ఆ వంశపు రెండో రాజు కీర్తిశ్రీ రాజసింహుడు సయాం నుంచి భిక్షువులను రప్పించి 1753లో దాన్ని మళ్లీ మొదలుపెట్టించాడు. దేవతల ఉత్సవంగా సాగుతున్న పెరహెరలో బుద్ధుడి దంతధాతువుకు అగ్రస్థానం ఇచ్చిందీ ఆయనే. ఇప్పుడు జులై, ఆగస్టుల్లో పది రాత్రులు ఏనుగులు, కాగడాలు, డప్పులతో సాగే ఊరేగింపు అదే. ఆ రోజుల్లో వెళ్లాలంటే గది నెలల ముందే పట్టుకోవాలి. జనం ఒత్తిడి వద్దనుకుంటే జనవరి నుంచి ఏప్రిల్ మధ్య వెళ్లడం మేలు.

ఆలయానికి తెల్లవారుజాము పూజకే వెళ్లండి. డప్పుల మోత మధ్య గర్భగృహం తలుపు తెరుస్తారు. కనిపించేది దంతం కాదు, దాన్ని దాచిన బంగారు పేటిక. భుజాలు, మోకాళ్లు కప్పే బట్టలు తప్పనిసరి. బుద్ధ విగ్రహానికి వీపు పెట్టి ఫొటో దిగితే అక్కడివాళ్లు అవమానంగా భావిస్తారు.

బయటికొస్తే ఎనిమిది మూలల మంటపం, దాని ముందు సరస్సు. రెండూ ఆఖరి రాజు శ్రీవిక్రమ రాజసింహుడు కట్టించినవే. వరిపొలాలను 1807లో చెరువుగా మార్చి పాలసముద్రమన్నాడు. దానికోసం జనంతో చేయించిన వెట్టిచాకిరి ఆయన మీద కోపాన్ని పెంచింది. తిరుగుబాటు చేసిన మంత్రి ఎహెలేపొల భార్యాబిడ్డలను 1814లో చంపించడంతో సర్దారులు ఇంగ్లిషువాళ్ల పక్షం చేరారు. 1815 మార్చి 2న రాజ్యాన్ని అప్పగించిన ఒప్పందం జరిగిన కొలువు మంటపం ఆలయం పక్కనే ఉంది. చెక్కిన ఆ కొయ్య స్తంభాల దగ్గర కాసేపు నిలబడకుండా వచ్చేయకండి.

తేయాకు వచ్చింది ఆ పతనం తర్వాతే. దొరలు అడవులు నరికి ముందు కాఫీ వేశారు. 1869లో కనిపించిన ఆకు తెగులు ఆ తోటలను తుడిచిపెట్టింది. అప్పటికే, 1867లో, స్కాట్లాండ్ నుంచి వచ్చిన జేమ్స్ టేలర్ లూల్‌కందుర తోటలో 19 ఎకరాల్లో తేయాకు నాటి ఉన్నాడు. హంతాన కొండమీద 1925 నాటి ఫ్యాక్టరీని టీ మ్యూజియంగా మార్చారు. ఆకును నలిపే, ఆరబెట్టే పాత యంత్రాలన్నీ అక్కడున్నాయి. చూడదగ్గదే. కానీ ఆ ఆకు కోసింది తమిళ దేశం నుంచి కాలినడకన వచ్చిన కూలీలు. స్వాతంత్ర్యం వచ్చిన 1948లోనే కొత్త చట్టం వాళ్లలో లక్షలమందిని ఏ దేశ పౌరులూ కాకుండా చేసింది. తోటల్లో బారులుగా కట్టిన ఇరుకు గదుల్లో వాళ్ల వారసులు ఈనాటికీ ఉంటున్నారు. పచ్చటి కొండల్ని ఫొటో తీసేటప్పుడు ఆ గదులనూ చూడండి.

కొలంబో ఫోర్ట్ నుంచి రైల్లోనే రండి, మూడు గంటల ప్రయాణం. రంబుక్కన దాటాక కొండ ఎక్కుతుంది. కుడివైపు కిటికీ దొరికితే కడుగన్నావ లోయ మొత్తం కనిపిస్తుంది. టికెట్ ముందుగా రిజర్వు చేసుకోవాలి, భారతీయులకు ఈటీఏ అనే ఎలక్ట్రానిక్ ప్రయాణ అనుమతీ కావాలి. రెండోరోజు సగం పెరాదెణియ ఉద్యానానికి ఉంచండి. మహావెలి నది చుట్టి వచ్చే 147 ఎకరాల తోట అది. ఓపికుంటే ఎంబెక్కె దేవళంలో కొయ్య స్తంభాల చెక్కడాలూ చూడొచ్చు.

చెన్నై మీదుగా తిరిగొచ్చేవాళ్లు ఇంకో పూట కలుపుకోండి. శ్రీవిక్రముణ్ని ఇంగ్లిషువాళ్లు వేలూరు కోటలో బందీగా ఉంచారు. 1832లో అక్కడే పోయాడు. పాలారు ఒడ్డున ముత్తు మంటపంలో ఆయన సమాధి ఉంది. చిత్తూరు వాళ్లకైతే అది పొరుగూరే.