మీ వీధి రోడ్డు లెక్క తెలియాలా? ‘ఎందుకు’ అని కాదు, ‘కాపీ ఇవ్వండి’ అని అడగండి

వేసిన ఏడాదికే కాలనీ రోడ్డు కంకర తేలింది. మున్సిపల్ ఆఫీసులో అడిగితే ఎవరూ సరిగ్గా చెప్పలేదు. దాంతో మీరు సమాచార హక్కు చట్టం కింద ‘మా రోడ్డు ఎందుకు పాడైంది? బాధ్యులపై ఎప్పుడు చర్యలు తీసుకుంటారు?’ అని దరఖాస్తు పెట్టారనుకోండి. ‘మీరు కోరినది సమాచారం కిందకు రాదు’ అన్న జవాబు వచ్చే అవకాశమే ఎక్కువ.

చిరాకు పుట్టించినా, ఆ జవాబుకు ఆధారం ఉంది. ఆఫీసులో ఇప్పటికే ఉన్న రికార్డును మన చేతికి ఇప్పించడమే 2005 నాటి ఈ చట్టం పని. కొత్తగా సంజాయిషీ రాయించడం కాదు. 2011లో సీబీఎస్‌ఈ కేసులో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది.

కాబట్టి ఆ పని జరిగినప్పుడు ఏయే కాగితాలు పుట్టి ఉంటాయో ముందు ఆలోచించండి. రోడ్డు పనికైతే ఎస్టిమేట్, కాంట్రాక్టరుతో అగ్రిమెంట్, వర్క్ ఆర్డర్, బిల్లులు, నాణ్యత పరీక్షల రిపోర్టులు ఉంటాయి. ఎం-బుక్‌ను మాత్రం అసలు వదలొద్దు. ఎంత పొడవు, వెడల్పు, మందం వేసినట్టు లెక్కగట్టి బిల్లు చెల్లించారో అందులోనే ఉంటుంది. పొడవు, వెడల్పు మీరే టేపు పెట్టి సరిచూసుకోవచ్చు. అగ్రిమెంట్‌లో డిఫెక్ట్ లయబిలిటీ గడువు ఎంత ఉందో చూడండి. ఆ లోపు రోడ్డు దెబ్బతింటే కాంట్రాక్టరే సొంత ఖర్చుతో బాగుచేయాలి. అది దాటితే మళ్లీ మన పన్నుల డబ్బే. అందుకే ఆలస్యం చేయొద్దు.

దరఖాస్తుకు తెల్లకాగితం చాలు, తెలుగులోనే రాయొచ్చు. పౌర సమాచార అధికారి పేరిట, వీధి, వార్డు, పని జరిగిన సంవత్సరం స్పష్టంగా రాయండి. కారణం చెప్పనక్కర్లేదు, అడిగే హక్కు వాళ్లకు లేదు. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ మున్సిపాలిటీలో ఫీజు 10 రూపాయలు, మండల స్థాయిలో 5, గ్రామ స్థాయిలో ఏమీ లేదు. దారిద్య్రరేఖకు దిగువనున్నవారికి ఎక్కడైనా ఉచితమే. కాపీలకు పేజీకి 2 రూపాయలు. చాలామంది ఫోన్‌లో కేంద్ర ప్రభుత్వ ఆర్టీఐ పోర్టల్ తెరిచి అక్కడే పెట్టేస్తుంటారు. అది కేంద్ర కార్యాలయాలకే. మున్సిపాలిటీ దరఖాస్తు అందులో పెడితే వెనక్కి వస్తుంది, కట్టిన ఫీజు మాత్రం రాదు. ఆఫీసులో ఇచ్చి రసీదు తీసుకోండి, లేదా స్పీడ్ పోస్టులో పంపండి.

జవాబుకు గడువు 30 రోజులు. అది దాటాక ఇస్తే కాపీలకు డబ్బు తీసుకోకూడదు. జవాబు రాకపోయినా, తప్పించుకునేలా ఉన్నా మరో 30 రోజుల్లోగా అదే ఆఫీసులోని పై అధికారికి మొదటి అప్పీలు చేయాలి. దీనికి చట్టంలో ఫీజు లేదు. అక్కడా తేలకపోతే 90 రోజుల్లోగా రాష్ట్ర సమాచార కమిషన్‌కు వెళ్లాలి. సరైన కారణం లేకుండా ఆపిన అధికారికి రోజుకు 250 రూపాయల చొప్పున 25 వేల వరకు జరిమానా వేసే అధికారం కమిషన్‌కు ఉంది. అయితే కమిషన్ ఇన్ని రోజుల్లో తేల్చాలన్న గడువు చట్టంలో లేదు. ఈలోగా కాంట్రాక్టరు గడువు దాటిపోవచ్చు.

అందుకని మొదటి దరఖాస్తులోనే ‘సంబంధిత ఫైలును స్వయంగా పరిశీలించే అవకాశం ఇవ్వండి’ అని ఒక వాక్యం చేర్చండి. చట్టం ఇచ్చిన హక్కే ఇది. మొదటి గంటకు ఫీజు ఉండదు. పేజీలు తిరగేస్తూ ఏవి కావాలో మీరే గుర్తు పెట్టి, వాటికే డబ్బు కట్టి కాపీలు తెచ్చుకోవచ్చు.