కొత్త రైఫిల్, లోపల పాత లోపం: ట్రిగ్గర్ నొక్కకుండానే పేలే తుపాకీ కథ

ఈ ఎపిసోడ్‌లో టాపిక్ కొంచెం డిఫరెంట్. వేట రైఫిల్. ఆగండి ఆగండి, స్కిప్ చేయకండి. మన దగ్గర 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చిన తర్వాత వేట అనేదే నేరం, కాబట్టి మనలో ఎవరూ వేట రైఫిల్ కొనుక్కోం. మరి ఎందుకు మాట్లాడుతున్నాం అంటే, డబ్బులు పెట్టి కొన్న కొత్త వస్తువులో లోపం ఉంటే, ఆ లోపం సంగతి కంపెనీకి తెలిసే ఉంటే, దాన్ని వెనక్కి రప్పించే అధికారం ప్రభుత్వానికి కూడా లేకపోతే ఏమవుతుంది? ఈ ప్రశ్నకి దీనికంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు. పైగా అమెరికాలో ఉన్న మనవాళ్ళలో షూటింగ్ రేంజ్‌కి వెళ్ళేవాళ్ళు, ఫ్రెండ్స్‌తో కలిసి జింకల వేటకి వెళ్ళేవాళ్ళు ఉన్నారు. వాళ్ళకైతే ఇది డైరెక్ట్‌గా పనికొచ్చే విషయం.

ఆ రైఫిల్ పేరు రెమింగ్టన్ మోడల్ 700. 1962లో మార్కెట్లోకి వచ్చింది. అమెరికాలో బాగా ఎక్కువగా అమ్ముడుపోయిన బోల్ట్ యాక్షన్ రైఫిళ్ళలో ఇదొకటి. తాత కొన్నది మనవడి దాకా వస్తుంది, అంత నమ్మకం దాని మీద. గురి విషయంలో దానికి మంచి పేరుంది, అందులో డౌట్ లేదు. గొడవంతా ట్రిగ్గర్‌తోనే.

ముందు ట్రిగ్గర్ ఎలా పనిచేస్తుందో సింపుల్‌గా చూద్దాం. తూటా వెనక భాగాన్ని కొట్టే సూది లాంటి ముక్క ఒకటి ఉంటుంది, దాన్ని ఫైరింగ్ పిన్ అంటారు. బలమైన స్ప్రింగ్ దాన్ని ముందుకి తోస్తూ ఉంటుంది. అది వెళ్ళిపోకుండా పట్టుకునే ముక్క పేరు సియర్. ఆ సియర్ కింద ట్రిగ్గర్ ఒక ఆసరా లాగా నిలబడి ఉంటుంది. మనం ట్రిగ్గర్ నొక్కితే ఆసరా పక్కకి జరుగుతుంది, సియర్ కిందికి పడుతుంది, పిన్ ముందుకి దూకుతుంది, తూటా పేలుతుంది. అంతే.

ఈ రైఫిల్‌లో ఉన్నది మైక్ వాకర్ అనే ఇంజనీర్ డిజైన్ చేసిన ట్రిగ్గర్. ఇందులో స్పెషల్ ఏంటంటే, ఆసరాగా నిలబడేది ట్రిగ్గర్ కాదు. దాని ముందు కనెక్టర్ అనే చిన్న రేకు ముక్క విడిగా ఉంటుంది. దాన్ని ట్రిగ్గర్‌కి స్క్రూతో బిగించలేదు, స్ప్రింగ్ ఒత్తిడితో అలా ఆనించి ఉంచారు. దీనివల్ల ట్రిగ్గర్ చాలా స్మూత్‌గా అనిపిస్తుంది, వేటగాళ్ళకి నచ్చింది కూడా అదే.

కానీ పేల్చిన ప్రతిసారీ ఆ కనెక్టర్ ట్రిగ్గర్ నుంచి ఒక్క క్షణం విడిపోయి, మళ్ళీ వెనక్కి వచ్చి ఆనుకోవాలి. ఆ సందులో కొంచెం మట్టి, గట్టిపడిన నూనె, లోహపు రజను లాంటిది ఏది ఇరుక్కున్నా అది పూర్తిగా వెనక్కి రాదు. సియర్‌కీ కనెక్టర్‌కీ మధ్య ఉండే పట్టు ఒక మిల్లీమీటర్ కంటే తక్కువ. అందులోనూ కొంత తగ్గితే ఇంకేం మిగులుతుంది? సేఫ్టీ వేసి ఉన్నంతసేపూ సియర్‌ని సేఫ్టీయే పట్టుకుని ఉంటుంది కాబట్టి ఏమీ తెలియదు. సేఫ్టీ తీసిన క్షణంలో కింద ఆసరా లేదు. ట్రిగ్గర్ మీద వేలు లేకపోయినా తుపాకీ పేలుతుంది.

ఇక్కడ సాఫ్ట్‌వేర్ వాళ్ళకి వెంటనే అర్థమయ్యే విషయం ఒకటుంది. ఈ లోపం ప్రతిసారీ రాదు. వెయ్యిసార్లు బాగానే ఉంటుంది, ఒక్కసారి వస్తుంది. ఆ ఒక్కసారి పేలిన కుదుపుకే ఇరుక్కున్న చెత్త రాలిపోవచ్చు. తర్వాత షాపుకి తీసుకెళ్తే, చెక్ చేసి "బాగానే ఉందండీ" అంటారు. మన ఆఫీసుల్లో "నా మెషీన్‌లో పనిచేస్తోంది కదా" అని టికెట్ క్లోజ్ చేస్తారు చూడండి, సేమ్ అదే. తేడా ఏంటంటే, మన బగ్ వల్ల పేజీ క్రాష్ అవుతుంది, ఇక్కడ మనిషి పోతాడు.

2000వ సంవత్సరంలో మోంటానా రాష్ట్రంలో అదే జరిగింది. వేట నుంచి తిరిగొచ్చిన ఒక కుటుంబం. తల్లి రైఫిల్‌లోంచి తూటాలు తీసేద్దామని సేఫ్టీ తీసింది, తుపాకీ పేలింది. గుర్రాలను తీసుకెళ్ళే ట్రైలర్‌లోంచి తూటా దూసుకెళ్ళి అవతల ఉన్న తొమ్మిదేళ్ళ కొడుక్కి తగిలింది. బాబు చనిపోయాడు. తన వేలు ట్రిగ్గర్ మీద లేదని ఆవిడ చెప్పింది. ఇంకో విషయం గమనించండి. 1982కి ముందు తయారైన ఈ రైఫిళ్ళలో సేఫ్టీ వేసి ఉంటే బోల్ట్ తెరుచుకోదు. అంటే తుపాకీ ఖాళీ చేయాలన్నా ముందు సేఫ్టీ తీయాల్సిందే. సురక్షితంగా ఉండాలని చేసే పనే ప్రమాదకరమైన పని అయింది. ఆ బాబు తండ్రి తర్వాత ఏళ్ళ తరబడి కంపెనీ పాత కాగితాలు సేకరించి పోరాడాడు.

ఆ కాగితాల్లో ఏముంది? 1940ల చివర్లో, ఈ ట్రిగ్గర్ ఉన్న రైఫిళ్ళు మార్కెట్లోకి రాకముందే, టెస్టింగ్‌లో సేఫ్టీ దగ్గర సమస్య కనిపించింది. డిజైనర్ వాకర్ స్వయంగా ఒక మార్పు సూచించాడు. దాని ఖర్చు తుపాకీకి ఐదున్నర సెంట్లు. కంపెనీ ఆ మార్పు చేయలేదు. ఈ విషయాలన్నీ 2010లో సీఎన్‌బీసీ చానల్ డాక్యుమెంటరీతో అందరికీ తెలిశాయి. అంతకుముందే, 1994లో, ఇలాంటి ప్రమాదంలో పాదం కోల్పోయిన వ్యక్తికి టెక్సాస్‌లో జ్యూరీ దాదాపు కోటీ 70 లక్షల డాలర్లు ఇవ్వాలని తీర్పు చెప్పింది.

కంపెనీ వాదన కూడా చెప్పుకోవాలి. ట్రిగ్గర్ సురక్షితమేననీ, సరిగా శుభ్రం చేయకపోవడం, సొంతంగా మార్పులు చేయడం, గొట్టాన్ని మనుషుల వైపు పెట్టడం వల్లే ప్రమాదాలు జరిగాయనీ కంపెనీ అంటూ వచ్చింది. లోపం ఉందని ఎప్పుడూ ఒప్పుకోలేదు. గొట్టం ఎవరి వైపూ పెట్టకూడదన్నది నిజమే. కానీ నియమం పాటించలేదన్న మాటతో తుపాకీ తనంతట తాను పేలడం ఒప్పైపోదు కదా?

సరే, పాతవి వదిలేయండి, కొత్త రైఫిల్ కొంటే సేఫా? 2006 నుంచి కంపెనీ కనెక్టర్ లేని కొత్త ట్రిగ్గర్ తెచ్చింది, పేరు ఎక్స్-మార్క్ ప్రో. సమస్య తీరిందని అందరూ అనుకున్నారు. 2014 ఏప్రిల్‌లో కంపెనీయే రీకాల్ ప్రకటించింది. 2006 మే 1 నుంచి 2014 ఏప్రిల్ 9 దాకా ఆ ట్రిగ్గర్‌తో తయారైన మోడల్ 700, మోడల్ సెవెన్ రైఫిళ్ళు వాడొద్దు, వెనక్కి పంపండి అంది. కారణం వింటే ఆశ్చర్యపోతారు. ఫ్యాక్టరీలో బిగించేటప్పుడు వాడే జిగురు లాంటి పదార్థం కొన్నింటిలో ఎక్కువైంది. అంటే డబ్బా విప్పని కొత్త రైఫిల్‌లోనే లోపం. కొన్నవాడు ఎంత శుభ్రంగా ఉంచినా లాభం లేదు.

ఇప్పుడు అసలు పాయింట్. శాంసంగ్ నోట్ 7 గుర్తుందా? 2016 ఆగస్టులో వచ్చింది, బ్యాటరీలు కాలాయి. సెప్టెంబర్‌లోనే అమెరికా వినియోగ వస్తువుల భద్రతా కమిషన్ అధికారిక రీకాల్ ప్రకటించింది, అక్టోబర్‌కల్లా అది దాదాపు 19 లక్షల ఫోన్లకు చేరింది. రెండు నెలల్లో కథ ముగిసింది. అదే కమిషన్ రైఫిల్‌ని రీకాల్ చేయమని ఎందుకు చెప్పలేదు? చెప్పలేదు కాదు, చెప్పలేదంతే. ఆ కమిషన్‌ని పుట్టించిన 1972 చట్టమే తుపాకుల్ని దాని పరిధి నుంచి తీసేసింది. కాఫీ మెషీన్ లోపం చూడొచ్చు, పిల్లల బొమ్మ తుపాకీ చూడొచ్చు, నిజం తుపాకీ మాత్రం చూడకూడదు. తయారీదారు తనంతట తాను పిలిస్తేనే రీకాల్, లేదంటే కోర్టు.

చివరికి కోర్టులోనే ఒక సెటిల్‌మెంట్ కుదిరింది. 2017లో ఆమోదం వచ్చింది, దాదాపు 75 లక్షల తుపాకులకి వర్తించింది. చాలా మోడళ్ళకి ఉచితంగా ట్రిగ్గర్ మార్చే అవకాశం ఇచ్చారు, కొన్ని పాత మోడళ్ళకి పది, పన్నెండున్నర డాలర్ల వోచర్ మాత్రమే ఇచ్చారు. ఆమోదం నాటికి వచ్చిన క్లెయిమ్‌లు ఎన్నో తెలుసా? సుమారు 22 వేలు. అంటే వందకి ఒక్కటి కూడా కాదు. ఎందుకంటే తుపాకీ ఎవరి దగ్గర ఉందో కంపెనీకి తెలియదు, మాట వినేదాకా యజమానికి తెలియదు. తర్వాత కంపెనీ 2018లో ఒకసారి, 2020లో ఇంకోసారి దివాలా తీసి ముక్కలు ముక్కలుగా అమ్ముడుపోయింది.

అమెరికాలో ఉండి రైఫిల్ కొనేవాళ్ళకి నాలుగు మాటలు. కొత్తదైనా, సెకండ్ హ్యాండ్ అయినా సీరియల్ నంబర్ పెట్టి రీకాల్ ఉందేమో చూడండి. ఛాంబర్ ఖాళీ అని కళ్ళతో చూసి, వేలితో తడిమి, అప్పుడు చెక్ చేయండి: బోల్ట్ మూసి, సేఫ్టీ వేసి, ట్రిగ్గర్ నొక్కి వదిలి, సేఫ్టీ తీయండి. 'టిక్' అని పిన్ పడితే ఆ రైఫిల్ ఇక వాడకూడదు. పడకపోయినా పూర్తి భరోసా లేదు, ఇందాక చెప్పుకున్నాం కదా, ఈ లోపం ఎప్పుడో ఒకసారి వచ్చేది. అందుకే గొట్టం ఎప్పుడూ ఖాళీ నేల వైపే ఉండాలి. ఒక్కసారి తనంతట తాను పేలినా సొంతంగా విప్పకండి, నూనె కొట్టి సరిపెట్టకండి. తేదీ, ఏం జరిగిందీ రాసుకుని కంపెనీకి రాతపూర్వకంగా పంపండి.

మన దగ్గర ఉన్నవాళ్ళకి? ఫోన్, గీజర్, ప్రెషర్ కుక్కర్, స్కూటర్ బ్యాటరీ, ఏదైనా సరే. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం లోపమున్న వస్తువు వల్ల హాని జరిగితే తయారీదారు నుంచి నష్టపరిహారం అడగొచ్చు. ప్రమాదకరమైన వస్తువుల్ని వెనక్కి రప్పించే అధికారం కేంద్ర అథారిటీకి ఉంది. ఫోన్ చేయాల్సిన నంబర్ 1915. కేసు వేయడానికి సాధారణంగా రెండేళ్ళ గడువు ఉంటుంది. కాబట్టి బిల్లు పారేయకండి. సర్వీస్ సెంటర్ వాడు "ఏ లోపం లేదు" అని చెప్పి పంపిస్తే, ఆ మాటే జాబ్ షీట్ మీద రాసి ఇమ్మనండి. ఎప్పుడో ఒకసారి వచ్చే లోపాన్ని నిరూపించాలంటే మన చేతిలో ఉండేది ఆ కాగితాలే. ఆ తండ్రి కూడా కాగితాలతోనే కొట్లాడాడు.

ఈసారికి ఇంతే. మీ ఇంట్లో గోడకి ఆనించిన గీజర్ మోడల్ నంబర్ ఒకసారి చూసి పెట్టుకోండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం, ఉంటాను.