నిట్టూర్పులోని నెమ్మది

మొదటిసారి ప్రసంగము చేయవచ్చినవారిని స్టూడియోలో కూర్చుండబెట్టి, ఎఱ్ఱదీపము వెలుగుటకు ముందు ధైర్యము చెప్పుట మా ఉద్యోగములో ఒక భాగము. సభలలో వందలమంది యెదుట తడబాటు లేక మాటలాడిన పండితుడు సైతము, ఎదుట ఒక్కరును లేని ఆ గదిలో, పలుకని మైక్రోఫోనును చూచి నాలుక పిడచగట్టి కూర్చుండుట మేము చూచినదే. అట్టివారికి వెంట వచ్చినవారు చెప్పు మాట ఒకటి కలదు: “గట్టిగా ఊపిరి పీల్చుకొనుడు.” ఆయన ఒకటి, రెండు, మూడు సార్లు ఱొమ్ము పొంగించి పీల్చుకొనును. దడ తగ్గదు సరికదా, తల తిరిగినట్లగును. మొదటి వాక్యము సగములోనే ఊపిరి చాలక తెగిపోవును.

ఆ సలహాలో సగమే సత్యము. మిగిలిన సగము తెలియవలెనన్న, భయము దేహమును ఏమి చేయునో మొదట చూడవలెను.

ఆపద తోచినంతనే మూత్రపిండముల మీది గ్రంథులు ఎడ్రినలిన్ అను ద్రవ్యమును రక్తములోనికి విడుచును. గుండె వడిగా కొట్టుకొనును, జీర్ణక్రియ మందగించును, నోరు ఎండును, ఊపిరి కురుచయై ఱొమ్ము పైభాగముననే ఆడును. అమెరికా శరీరశాస్త్రజ్ఞుడు వాల్టర్ కానన్ 1915లో ప్రకటించిన గ్రంథమున, ఇవన్నియు పోరాడుటకో పాఱిపోవుటకో దేహము చేసికొను సన్నాహమని వివరించెను. పులి యెదురైనపుడు ఇది మేలే. నేటి గృహస్థునకు ఎదురగునది పులి కాదు. కుమారుని పరీక్షాఫలితము, అప్పులవాని కబురు, పై అధికారి పిలుపు, ఆసుపత్రి వరండాలో రాత్రి అంతయు కూర్చుండుట. వీనితో కలియబడుటకు లేదు, పాఱిపోవుటకును లేదు. సన్నాహము మాత్రము గంటలకొలది నిలిచియుండును.

గుండెను నెమ్మదింపుమన్న వినదు. చెమటను ఆగుమన్న ఆగదు. ఈ పరివారములో మన మాట వినునది ఊపిరి ఒక్కటే. నిద్రలో అది తనంత తాను నడచును. మెలకువలో కావలెనన్న మన ఇచ్ఛకు లొంగును. దాని ద్వారా గుండెను చేరవచ్చును.

చేరు త్రోవ ఏది? పాఠకులు ఇంటనే ఒక పరీక్ష చేసి చూడవచ్చును. మణికట్టు నాడిపై వ్రేళ్లుంచి నెమ్మదిగా ఊపిరి తీసికొని, మఱింత నెమ్మదిగా విడువుడు. పీల్చునపుడు నాడి వడి కొంచెము హెచ్చి, విడుచునపుడు తగ్గును; చిన్న వయసువారిలో ఇది స్పష్టముగా తెలియును. 1847లో జర్మను శాస్త్రజ్ఞుడు కార్ల్ లుడ్విగ్ ఈ హెచ్చుతగ్గులను తాను కల్పించిన పరికరముతో గీతగా గీయించి చూపెను. మెదడు అడుగుభాగము నుండి మెడ మీదుగా గుండెకు దిగివచ్చు వేగస్ నరము ఇందుకు మూలము. గుండెను దానిమానాన విడిచినచో నిమిషమునకు సుమారు 100 మార్లు కొట్టుకొనును. విశ్రాంతిగా ఉన్నవాని గుండె 70 ప్రాంతమున నిలుచుట ఈ నరము పట్టిన కళ్లెము వలననే. ఊపిరి పీల్చునపుడు కళ్లెము సడలును, విడుచునపుడు బిగియును.

ఈ కళ్లెము రహస్యము బయటపడిన కథ వినదగినది. ఆస్ట్రియాలోని గ్రాట్జ్ నగరమున ఉన్న ఆటో లోవీకి ఒక రాత్రి కలలో ఒక ప్రయోగము తోచినదట. మేల్కొని కాగితముపై గీకికొనెను. తెల్లవాఱి చూడగా తన వ్రాత తనకే చదువ శక్యము కాలేదు. మఱునాటి రాత్రి ఆ ఆలోచనయే మఱల వచ్చెను. ఈసారి తిన్నగా ప్రయోగశాలకే పోయెను. ఒక కప్ప గుండెకు చెందిన వేగస్ నరమును ప్రేరేపించి, ఆ గుండెలోని ద్రవమును మఱియొక కప్ప గుండెకు చేర్చగా అదియు నెమ్మదించెను. నరము ఒక రసాయనమును విడుచుచున్నదని ఆ విధముగా 1921లో లోకమునకు తెలిసినది. 1936లో లోవీ నోబెల్ బహుమానమును హెన్రీ డేల్‌తో పంచుకొనెను.

కావున దడను తగ్గించునది లోనికి తీయు ఊపిరి కాదు, వెలికి విడుచు ఊపిరి. గబగబ పెద్ద ఊపిరులు తీయుటలో మఱియొక చిక్కు కూడ కలదు. ప్రాణవాయువు చాలలేదని మనకు తోచును గాని, ఆరోగ్యవంతుని రక్తములో అది అప్పటికే నిండుగా ఉండును. అధికముగా వెలికి పోవునది బొగ్గుపులుసు వాయువు. అది వ్యర్థపదార్థమని బడిలో చదువుకొంటిమి. కాని రక్తములో దాని పాలు మరీ తగ్గినచో మెదడులోని రక్తనాళములు ముడుచుకొనును, తల తిరుగును, వ్రేళ్ల కొనలును పెదవులును తిమ్మిరెక్కును. ఆ తిమ్మిరికి బెదరి మనుష్యుడు ఇంకను వడిగా పీల్చును. మన స్టూడియో పండితుని అవస్థ ఇదియే.

మన పూర్వులకు వేగస్ నరము పేరు తెలియదు. అయినను ప్రాణాయామమున పూరకము ఒక పాలు, కుంభకము నాలుగు పాళ్లు, రేచకము రెండు పాళ్లు అని చెప్పు సంప్రదాయము కలదు. అనగా విడుచుట పీల్చుటకు రెట్టింపు. సంధ్యావందనమున ముక్కు పట్టుకొని క్షణములో ముగించువారు ఈ లెక్కను గమనించిన బాగుండును. ఇట్టి అభ్యాసములను ప్రయోగశాలలో పరీక్షించుటకు స్వామి కువలయానంద 1924లో లోనావ్లాలో కైవల్యధామమును స్థాపించిరి. 2001లో ఇటలీ వైద్యులు 23 మందిచేత లాటినులో మేరీమాత జపమును, వేఱుగా ఒక బౌద్ధమంత్రమును చేయించి చూచిరి. రెంటిలోను ఊపిరి నిమిషమునకు 6 మార్ల ప్రాంతమునకు దిగెను. మతములు వేఱు, భాషలు వేఱు, ఊపిరి లెక్క ఒక్కటే! రాగయుక్తముగా పద్యము చదువుకొను అలవాటునకును ఈ గుణము ఉండవచ్చునని మాకు తోచును. చదువుట అనగా ఊపిరిని పొదుపుగా విడుచుటయే కదా.

నిట్టూర్పు అను మాటను విడదీసినచో నిడుదయైన ఊర్పు అని అర్థము. ఇంట ఉస్సురనరాదని పెద్దలు మందలింతురు గాని, ఊపిరితిత్తులలో ముడుచుకొనిన చిఱుగదులు మఱల విచ్చుకొనుటకై గంటకు సుమారు 12 మార్లు దేహమే మనకు తెలియకుండ నిట్టూర్చును. 2023లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమువారు దినమునకు 5 నిమిషముల వంతున ఒక నెల పలు పద్ధతులను పోల్చి చూచిరి. అన్ని పద్ధతులవారికిని ఆందోళన తగ్గెను. ఉల్లాసము అధికముగా పెరిగినది మాత్రము, బుద్ధిపూర్వకముగా నిట్టూర్చుచు విడుచు ఊపిరిని పొడిగించినవారికి.

పద్ధతి సులభము. వెన్ను నిటారుగా, భుజములు వదులుగా ఉంచి కూర్చుండి, ఒక చేతిని పొట్టపై ఉంచుకొనవలెను. ముక్కుతో నాలుగు లెక్కించునంతసేపు తీసికొని, ఆఱు లెక్కించునంతసేపు విడువవలెను. లెక్కకు గోడగడియారపు చప్పుడు చాలును. ఱొమ్ము కాదు, చేతి క్రింద పొట్ట లేచి దిగవలెను. ఊపిరి పెద్దది కానక్కఱలేదు, నిదానమైనదైన చాలును. ఆఱు బరువనిపించినచో మూడింటికి నాలుగు చొప్పున మొదలిడవచ్చును. ఐదు నిమిషములు చాలును. ఊపిరి సలపని పనిలో ఉన్నామనువారికి మూడు ఊపిరులైనను దొరకకపోవు. ప్రసంగకర్తలకు మేము చెప్పునది ఇంకను చిన్నది: ఒకమాఱు పూర్తిగా విడిచి, సహజముగా లోనికి వచ్చినంత ఊపిరితోనే మొదటి మాట పలుకుడు. ఆపద వచ్చిన దినమున క్రొత్తగా ఆరంభించుటకంటె, ఏమియు లేని దినములలో అలవాటు చేసికొనుట మేలు.

ఇది ఏ అప్పును తీర్చదు, ఏ రోగిని కోలుకొనచేయదు. ఆలోచించుటకు కావలసిన కొద్దిపాటి నిదానమును ఇచ్చును, అంతే. వారములకొలది నిద్ర లేక దిగులుతో కుములువారు వైద్యుని చూడవలెను. కుంభకమును, అనగా ఊపిరి బిగబట్టుటను, రక్తపుపోటు, హృద్రోగము కలవారును గర్భిణీస్త్రీలును వైద్యుని అడుగక చేయరాదు. అభ్యాసములో తల తిరిగినచో ఆపి మామూలుగా ఊపిరి తీసికొనవలెను. ఱొమ్ములో బరువు, చేతికో దవడకో ప్రాకు నొప్పి, చల్లని చెమట కనబడినచో అది కంగారేనని ఊపిరి లెక్కించుచు కూర్చుండక, ఆ క్షణముననే ఆసుపత్రికి బయలుదేరవలెను.